తెర పక్కన మనిషి

నేను ఒక మూకీ సినిమా రీలును. కాకినాడలో, భాస్కరం గారి భోజనాల బల్ల మీద, పెసరట్ల పళ్లెం పక్కన ఉన్నాను. పొద్దుటి నుంచీ నా మీదే తగువు.

"వెయ్యడానికి వీల్లేదు నాన్నా. మొగుడు చెంప పగలగొడితే ఆవిడ వాడి కాళ్ల మీదే పడుతుంది. ఆదివారం ఊరందర్నీ టౌన్‌హాలుకి పిలిచి ఇదా చూపించేది?" అంది ఆయన కూతురు నీలిమ.

"ఆవిడ మీ మామ్మని కన్నతల్లే!"

"అందుకే వద్దంటున్నా."

"నాకైతే ఆ నడకకే నవ్వొచ్చింది. అందరూ బస్సు తప్పిపోతున్నట్టు పరిగెడతారేంటే?"

నాలోని బొమ్మల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, నిన్న సాయంత్రం టీవీలో చూశారు. అదీ ఈ గొడవకి మొదలు.

నన్ను మద్రాసులో తీశారు. నాలో ఆ పెళ్లాం వేషం వేసిన రత్నావళి అప్పటికి పడుచుపిల్ల. తెర మీద కనిపించిందని పుట్టింటివాళ్లు ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు తెర మీద కాళ్లు పట్టుకుందని మునిమనవరాలు సిగ్గుపడుతోంది. ఆమె చేసిన తప్పేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కావడం లేదు.

నాకు గొంతు లేదు. ఆ రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. తునిలో చెప్పినాయన "చూడండి, మహాపతివ్రత!" అంటే ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. పిఠాపురంలో చెప్పినాయన "కాళ్ల దగ్గర పడ్డ తాళంచెవుల కోసం వంగిందండోయ్!" అంటే పకపకా నవ్వారు. బొమ్మ మాత్రం అదే. ఇంతకీ నాలో ఉన్నదేమిటి?

బల్ల కొసన కూర్చున్న మామ్మ, వకుళమ్మ, "ఆ ముక్క మళ్లీ పెట్టరా, నెమ్మదిగా" అంది.

భాస్కరం టీవీలో ఆ ముక్క పెట్టి వేగం తగ్గించాడు. రత్నావళి వంగింది. ఆమె ముఖం మొగుడికి కనిపించదు, చూసేవాళ్లకే కనిపిస్తుంది.

"ఏడుస్తోందా?" అడిగింది వకుళమ్మ.

నీలిమ టీవీ దగ్గరికి వెళ్లింది. "లేదు. కోపమా? నవ్వుతోందా? తెలియట్లేదు మామ్మా."

"నాకూ తెలీదే. సినిమా మాటెత్తితే మా నాన్నకి గిట్టేది కాదు. అమ్మని ఎప్పుడూ అడగలేదు."

వకుళమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, చెంగుతో నా డబ్బా మీది నూనె మరక తుడిచింది.

"ఆదివారం వేస్తున్నాం" అంది మెల్లగా. "తెరకి ఈ పక్క నేను, ఆ పక్క నీలిమ నిలబడతాం. ఇది చూస్తే తనకి ఒళ్లు మండిందని అది చెబుతుంది. అమ్మ ఏమనుకుందో నాకు తెలీదని నేను చెబుతాను."