అమలమ్మ నీలి బాన

విశ్వేశ్వర్ గారి తెల్ల లాల్చీ గుమ్మంలో కనబడగానే అమలమ్మకి ఒళ్ళు మండిపోయింది. మంగళగిరిలో ఆమె పెరట్లో గుడ్డలకి రంగు వేసే నీలి బాన దగ్గరికి ఆ పెద్దమనిషి అడుగుపెట్టడం ఇదే మొదలు. విజయవాడలో ఏసీ షాపు పెట్టుకుని, ఐదేళ్ళుగా ప్రతి నీలి చీరకీ ఆమె ఫొటో ఉన్న అట్టముక్క తగిలించి అమ్ముకుంటున్నాడు. నిజానికి ఆమె చేత అద్దించుకున్నవి మొదటి ఏడాది మనిషినంపి చేయించిన పాతిక చీరలే. తర్వాతవన్నీ ఎక్కడో పాకెట్ రంగు పొడిలో ముంచినవి. పైగా సహజ రంగుల మీద మైకు పట్టుకుని ఉపన్యాసాలొకటి! సిగ్గులేని జన్మ. అయినా అంత పెద్ద షాపాయనకి ఎదురెళ్ళాలంటే ఆమెకి భయం.

వెంట కూచిపూడి డాన్సు టీచరు శాంభవి ఉంది. ఆవిడ కొన్న ముప్ఫై చీరలూ పిల్లల చెమటకే రంగు కారి, పసుపు రవికెలన్నీ పాడైపోయాయట. గట్టిగా అడిగేసరికి విశ్వేశ్వర్ తప్పంతా ఫొటోలో మనిషి మీదకి నెట్టి, ఆవిడని కారెక్కించుకుని వచ్చాడు.

"పెద్దావిడ కదా అని పని ఇస్తే, ఇదండీ ఈవిడ నిర్వాకం," అన్నాడు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. బాన కంపు కొడుతోంది మరి! తగిరిస గింజలూ బెల్లమూ సున్నమూ వేసి పులియబెట్టిన నీలి అత్తరు వాసన వేస్తుందా?

ఇప్పటికే నేతగాళ్ళు "నీ నీలి కారతందంట గదా" అంటూ అమలమ్మకి నూలు ఇవ్వడం మానేశారు. ఈ టీచరు కూడా అదే మాట పట్టుకుని వెళ్ళిందంటే, మామగారి నాటి బాన బోర్లించుకోవడమే.

"నోటితో చెప్పేదేముందమ్మా, మీరే చూడండి," అని ఓ తెల్లగుడ్డ తడిపి, నురుగు పక్కకి జరిపి బానలోకి దించింది. కాసేపు నెమ్మదిగా పిసికి పైకి తీసింది. గుడ్డ ఆకుపచ్చగా వచ్చింది.

విశ్వేశ్వర్ మొహం వెలిగిపోయింది. "చూశారా మేడమ్! నీలి వెయ్యమంటే పచ్చరంగు వేసింది! ఈవిడకి పని రాదని చెప్పలా నేను?" అంటూ గుడ్డ లాక్కుని, రెండు చేతులా పిండి, ఆవిడ ముందు విప్పి పట్టుకున్నాడు.

ఛీ, ఇన్నాళ్ళూ ఈ వెధవకా నేను భయపడ్డది, అనుకుంది అమలమ్మ.

గాలి తగిలి అంచుల దగ్గర పచ్చదనం పోవడం మొదలైంది. చూస్తుండగానే గుడ్డంతా నీలం పరుచుకుంది. శాంభవి గుడ్డ మీంచి చూపు తిప్పి అతని మొహం వంక చూస్తోంది.

"గాలి తగిలేదాకా పచ్చగానే ఉంటుందా అమ్మా?"

"అంతేనమ్మా. ఒక్కసారి బానలో చెయ్యి పెట్టినోళ్ళకి ఎవరికైనా తెలుస్తది."

"మీకు తెలీదాండీ?" అని విశ్వేశ్వర్‌ని అడిగింది శాంభవి.

అప్పుడు కనబడ్డాయి అతనికి తన చేతులు, మణికట్ల దాకా నీలంగా. కంగారుగా కుళాయి దగ్గరికి పరిగెత్తి, సబ్బు పెట్టి, పీచు పెట్టి తెగ రుద్దుకున్నాడు. తోలు ఎర్రబడింది గానీ నీలం వదల్లేదు. శాంభవి పక్కనే నిలబడి ఆ తమాషా అంతా చూసింది.

"రుద్దుకోబాకండి బాబూ, వారం దాకా పోదు," అంది అమలమ్మ. "అది మీ చీరల మీద రంగు కాదు. నాది."