మిడత చీలమండ

అసిస్టెంట్ కోచ్ అంటే సగం కోచ్, సగం తల్లి, ఇంకో సగం కూలీ. లెక్క కుదరడం లేదంటే తప్పు ఆ ఉద్యోగానిదే. కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఆవిడ పని అలాంటిది. బంతులకు గాలి కొట్టాలి, మైదానంలో గుర్తులకి ప్లాస్టిక్ కోన్లు పేర్చాలి, పెద్ద కోచ్ చివాట్లు పెడితే పిల్లల ముక్కులు తుడవాలి. పెద్ద కోచ్‌ని మేడమ్ అనే పిల్లలు ఈవిణ్ణి మాత్రం అక్కా అంటారు.

మ్యాచ్‌కి ముందు అందరి చీలమండలకూ టేపు చుట్టేది కూడా అక్కే. ఆ రోజు మిడత వంతు వచ్చింది. బంతి ఎక్కడుంటే అక్కడికి దూకుతుందని ఆ పిల్లకి ఆ పేరు. చదువు చివరి సంవత్సరం, ఇదే చివరి మ్యాచ్. అక్క మేజోడు తీసింది. చీలమండ ఉబ్బిపోయి ఉంది, వేలు ఆనిస్తే వేడిగా తగిలింది.

"ఎప్పుడైంది?"

"నిన్న ప్రాక్టీసులో. ఏం కాదక్కా, గట్టిగా చుట్టెయ్. మేడమ్‌కి చెప్పకు, నీకు దణ్ణం పెడతా. మా నాన్న వచ్చాడు. నా ఆట చూడ్డానికి రావడం ఇదే మొదటిసారి."

ఆయన బస్సు డ్రైవరు, సెలవు దొరకడం గగనం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందొచ్చి ఖాళీ మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు. టేపు చుట్టే గది కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు.

అక్క టేపు కొస వెతికి పట్టుకుంది, మళ్లీ వదిలేసింది. తను ముద్దు చేసి పాడుచేసిన పిల్ల. కాదంటే మళ్లీ మొహం చూడదు. సరేనంటే, ఆ కాలు మళ్లీ పరుగెడుతుందో లేదో ఎవరికి తెలుసు? ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్లి పెద్ద కోచ్‌కి చెప్పేసింది.

ఆట సాంతం మిడత బెంచీ మీద మూతి ముడుచుకుని కూర్చుంది. అక్క నీళ్లిస్తే తీసుకోలేదు. ఐస్ సంచి లాక్కుని తనే పెట్టుకుంది. "నొప్పిగా ఉందా?" అంటే "లేదు" అని గడ్డి వైపు చూసింది. జట్టు గెలిచింది. అందరూ గంతులేస్తుంటే అక్కకి మాత్రం గెలిచినట్టే అనిపించలేదు.

తండ్రి మెట్లు దిగి బెంచీ దగ్గరికి వచ్చాడు. అక్క ఎదురెళ్లింది.

"ఆపింది నేనేనండీ. మీరు ఇంత కష్టపడి వస్తే..."

"ఆట సంగతి నాకు తెలీదమ్మా," అన్నాడాయన. "పొద్దున గేటు దగ్గర ఎదురొచ్చినప్పుడే దీని నడక తేడాగా ఉంది. అడిగితే ఏం లేదు పొమ్మంది. పంతం మా ఇంటిదేలే. పైన మెట్ల మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా. ఇది బెంచీ మీద కనపడ్డాకే ఊపిరొచ్చింది."

మిడత తలెత్తింది. నాన్ననీ అక్కనీ మార్చి మార్చి చూసింది. ఐస్ సంచి పక్కన పడేసింది.

"నొప్పిగా ఉందక్కా," అంది. "చాలా నొప్పిగా ఉంది."

అక్క పక్కన కూలబడి దాన్ని దగ్గరికి తీసుకుంది. తండ్రి కూతురి బ్యాగు భుజానికి తగిలించుకుని, ఇద్దరి ఏడుపూ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.