ముప్పై సీసాల ఆవు

మా ఆయన పశువుల నెత్తురు తీసే ఉద్యోగి. పశువంటే ఆయనకు హడల్. ఈ సంగతి పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు, చెబితే ఇంకాస్త ఆలోచించేదాన్ని.

ఆయన తెచ్చిన నెత్తుటిని ల్యాబులో పరీక్షించేది నేను. గాలికుంటు సోకితే పశువుకు నోరూ గిట్టలూ పుండ్లు పడి పాలు ఆగిపోతాయి. దూడలైతే చచ్చే పోతాయి. టీకా మందు ఉన్నదే కొంచెం. ఏ ఊరి పశువుల నెత్తుట్లో ఆ రోగాన్ని ఆపే శక్తి తక్కువుంటే ఆ ఊరికి ముందు మందు. పోయిన నెల ఆయన తెచ్చిన ముప్పై సీసాలూ మా తమ్ముడి ఊరివి. వాడికి పన్నెండు ఆవులు, వాటి మీదే వాడి బతుకు.

పరీక్ష పలకలో సీసాకొకటి చొప్పున ముప్పై గుంటలూ ఒకటే రంగు. అన్నింటికీ బోలెడు శక్తి! మా ల్యాబు పెద్దసారు పొంగిపోయారు.

"చూశావామ్మా, ఊరంతా ఉక్కులా ఉంది. వీళ్లకి మందెందుకు? రాసి పంపెయ్."

ఒక్క కడుపున పుట్టిన పిల్లలే ఒక్కలా ఉండరు. ముప్పై కొట్టాల పశువులు ఒక్కలా ఎలా ఉంటాయి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ల్యాబు లేదు పాపం.

సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా అడిగాను. "ఎన్ని ఆవుల్ని పొడిచారు?"

"ముప్పై."

"మళ్లీ చెప్పండి."

ఆయన పెరటి వైపు చూశారు. అక్కడ మా ఆవు, నేనే దగ్గరుండి రెండుసార్లు టీకా వేయించిన మహాసాధువు, మెడ చాచి నిలబడి ఉంది. మెడ మీద వరసగా సూది పోట్లు.

"ఇదైతే కదలదే. అక్కడివి తంతాయి."

"తన్నడమే వచ్చు వాటికి. అబద్ధాలాడ్డం రాదు."

"సారుకి చెప్తావా? నా ఉద్యోగం పోతుందే!"

"చెప్పకపోతే మా వాడి ఆవులు పోతాయి."

అన్నానే గానీ, ఎంత చేతకానివాడైనా నా మొగుడే కదా.

మర్నాడు సారుకి చెప్పాను. తన శుభవార్త నేనే దొంగిలించినట్టు చూశారాయన. మా ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టారు. ఇంకో ఉద్యోగిని వెంటబెట్టుకుని నేనే ఆ ఊరెళ్లి ముప్పై ఆవుల నెత్తురు తీయించాను. ఒకటి నా మోకాలి మీద తన్నింది కూడా. బావ రాలేదేమని తమ్ముడడిగితే, మళ్లీ తీయమని పంపిందే బావ అని ఓ కోత కోసేశాను. పరువు నాది కూడా మరి.

ముప్పైలో ఇరవై ఏడింటికి ఏ శక్తీ లేదు. మందు వెళ్లింది, వారం ఆలస్యంగా. ఆ వారంలోనే ఊళ్లోకి రోగమొచ్చి తమ్ముడి కొట్టంలో ఎర్రదూడ పోయింది.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"బావా, నువ్వు పట్టుబట్టి మళ్లీ పరీక్ష చేయించకపోతే మేం మునిగిపోయేవాళ్లం. దూడ ఒక్కటే పోయింది. పన్నెండు ఆవులూ బతికాయంటే నీ పుణ్యమే."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఎటో చూశాను, ఈ ఒక్కటీ ఆయనే చెప్పుకోవాలి.

"ఆ దూడ పోయిందీ నా పుణ్యమేరా," అన్నారు.