నలభై మూడు గోడల మీద నా చెవి

మనిషి బొమ్మను నూనె రంగుల్లో పదకొండు నిమిషాల్లో గీసేవాడు ఈ భూమ్మీద నేనొక్కడినే. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, గడియారం పెట్టి చూసుకున్నాను. పాతకాలం చిత్రకారులు ఒక్క ముక్కు కోసం ఆరు నెలలు కూర్చునేవారట. ఆ ఆరు నెలలు నాకిస్తే పట్నం మొత్తానికి ముక్కులు పెట్టేసి, పక్క పట్నం వాళ్లకి కూడా నాలుగు మిగులుస్తాను. పెళ్లికూతుళ్లు, చంటిపిల్లలు, రిటైరైన హెడ్మాస్టర్లు, ఒక కుక్క, అందరూ నా చేతిలో పడి చిత్రాలైపోయినవాళ్లే.

నా చేతిలో అంటే, మౌసు పట్టుకున్న చేతిలో. పెన్సిలిస్తే నాకు సున్నా కూడా గుండ్రంగా రాదు. గీసేదంతా సాఫ్ట్‌వేరే. ఫోటో తెరుస్తాను, మచ్చలు తుడుస్తాను, రంగుల్ని పులిమే ఫిల్టరు వేస్తాను, కళ్ల దగ్గరా పెదాల దగ్గరా కంప్యూటర్ కుంచెతో నాలుగు గీతలు లాగుతాను. ఆ పదకొండు నిమిషాల్లోనూ మూడు నిమిషాలు కంప్యూటర్ ఆలోచించుకోవడానికే పోతాయి. అంతసేపూ నేను కాళ్లు చాపుకుని దానికి ధైర్యం చెబుతూ ఉంటాను.

నిజంగా గీయడం వచ్చినవాడు మా బాబాయి. షాపు ఆయనదే. ముప్ఫయ్యేళ్లు నూనె రంగులతో మనుషుల్ని గీశాడు. ఎవరిని గీసినా చెవితో మొదలుపెట్టేవాడు. కళ్లూ ముక్కూ అందరూ చూస్తారు కాబట్టి గీసేవాళ్లు అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని, చెవిని ఎవరూ పట్టించుకోరు కాబట్టి పనిదొంగ అక్కడే దొరికిపోతాడని ఆయన నమ్మకం. నాకు పదమూడేళ్లప్పుడు నా చేత కూడా ఒక చెవి గీయించాడు.

"ఇదేంట్రా?"

"చెవి, బాబాయ్."

"ఓహో. తెగిన చెప్పనుకున్నాను. రెండోది కూడా గియ్యి, కుట్టించుకుని వేసుకుందువుగాని."

ఆ రోజు నుంచి చెవులతో నాకు పాత పగ.

నాలుగేళ్ల కిందట బాబాయికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు మందులు రాశాడు. మందులు అయిపోయాయి, వణుకు అవలేదు. అప్పుడే నేనూ నా కంప్యూటరూ షాపులో అడుగుపెట్టాం. బయట బోర్డు మాత్రం మారలేదు: 'చేతితో గీసిన తైలవర్ణ చిత్రాలు.' నేను తయారుచేసినదాన్ని కాన్వాసు గుడ్డ మీద ప్రింటు తీసి చెక్క చట్రానికి బిగిస్తాను. దాని మీద బాబాయి నీళ్లలా ఉండే జెల్‌ని కుంచెతో పూస్తాడు. ఆరాక వేలు పెట్టి చూస్తే గరుగ్గా, అచ్చం రంగు వేసినట్టే తగులుతుంది. ఆ పూతకి చెయ్యి వణికినా ఇబ్బంది లేదు. వణికితేనే ఇంకా బాగా నమ్ముతారు. చివర్లో కింద మూలన సంతకం, అదొక్కటీ అసలు రంగుతో. షాపు మొత్తం మీద చేత్తో గీసేది ఆ రెండంగుళాలే.

ప్రింటు ముఖంలోకి బాబాయి ఎప్పుడూ సరిగ్గా చూడడు. జెల్ పూస్తాడు, సంతకం పెడతాడు, బొమ్మని గోడవైపు తిప్పేసి టీకి వెళ్లిపోతాడు.

అలాంటి చోట నాలాంటివాడు చేతులు కట్టుకుని కూర్చోగలడా?

నా కుడిచెవి పై అంచున బఠాణీ గింజంత పులిపిరి ఉంది. చిన్నప్పుడు నేను చేసిన ప్రతి వెధవ పనికీ బాబాయి పట్టుకుని మెలిపెట్టింది దాన్నే. తలుపుకి గొళ్లెంలాగా నాకు అది. ఒకరోజు పొద్దుపోక ఆ చెవిని ఫోటో తీసి, ఒక హెడ్మాస్టరుకి అతికించాను. ఆయన వచ్చి, బొమ్మ చూసి, "జీవకళ ఉట్టిపడుతోంది మాస్టారూ" అని బాబాయి చేతులు పట్టుకున్నాడు. ఉట్టిపడింది నా పులిపిరి.

ఇంక ఆగలేదు. పెళ్లికూతుళ్ల జూకాలు నా చెవికి వేలాడాయి. చంటిపిల్లకి కాస్త చిన్నది చేసి పెట్టాను. ఒక ఇంట్లో అయితే భార్యాభర్తలిద్దరికీ నా చెవే. ఏడాది తిరిగేసరికి నలభై రెండు గోడల మీద నా చెవి ఆ ఇళ్ల కబుర్లన్నీ వింటోంది. ఒక్క కుక్కకి మాత్రం పెట్టలేదు. కుక్క చెవైతే యజమాని గుర్తుపట్టేస్తాడు.

నలభై మూడోది కండక్టరక్కది.

మా షాపు ఎదురుగానే బస్సు చివరి స్టాపు. అక్కడ బస్సు తిరిగి బయల్దేరడానికి పన్నెండు నిమిషాలు ఆగుతుంది. ఆవిడ తోలు సంచి భుజానికి వేసుకుని ఆ పన్నెండు నిమిషాల్లోనే లోపలికి వచ్చింది. నేను రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటున్నాను. ఆవిడ బాబాయితో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి తన చెవి తమ్మె పట్టుకుంది. దురదేమో అనుకున్నాను. బాబాయి నా వైపు తిరిగి వేలు చూపిస్తూ ఏదో చెప్పాడు. నేను బుర్ర ఊపాను. ఏం చెప్పినా ఊపుతాను. ఊపడానికి వినాల్సిన పని లేదు.

ఆవిడిచ్చిన అద్దం పగిలిన ఫోనుకి కేబుల్ పెట్టి ఫోటో కంప్యూటర్లోకి లాక్కున్నాను. బస్సు కిటికీ దగ్గర ఒక కుర్రాడు. గాలికి జుట్టు ఎగురుతోంది, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. నా వయసే ఉంటుంది. కుడిచెవి కింద సగం లేదు. ఫోనులో ఏదో పాడైందనుకున్నాను.

మా కంప్యూటర్ పైన బాబాయి వంకర రాతతో ఒక కాగితం అంటించి ఉంటుంది: 'ముందు కాపీ. తర్వాతే పని.' అసలు ఫోటోని పక్కన దాచి, కాపీ మీద చెయ్యమని. దానికి నలభై సెకన్లు పడుతుంది. పదకొండు నిమిషాల నలభై సెకన్లు అని గొప్ప చెప్పుకుంటే వినేవాడెవడు? అందుకని ఆ కాగితాన్ని గోడకి అందం కోసం పెట్టుకున్నాం అన్నట్టు చూస్తూ వచ్చాను. తిన్నగా అసలు ఫోటో మీదే పనిచేశాను. విరిగిన చెవి తీసేసి నాది పెట్టాను. పైగా ఉపకారం చేశాననుకున్నాను. సేవ్ కొట్టాను. పదకొండు నిమిషాలు.

రెండు వారాల తర్వాత అక్క మళ్లీ వచ్చింది. బయట బస్సు ఇంజను ఆగింది. బొమ్మకి చుట్టిన కాగితాన్ని చించకుండా, టేపు గోటితో జాగ్రత్తగా ఊడదీసింది. చూసింది. నవ్వింది. ఆ నవ్వు ముఖమంతా పాకకుండానే ఆగిపోయింది.

"మాస్టారూ, చెవేదీ?"

"ఉందిగా తల్లీ" అన్నాడు బాబాయి, జెల్ మరకలు గుడ్డకి తుడుచుకుంటూ.

"ఇది కాదండీ. మావాడిది. మీకు చెప్పానుగా."

ఈసారి నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవు. పోయిన సారి ఆవిడ ఏం చెప్పిందో ఇప్పుడు విన్నాను.

ఆవిడకి పన్నెండేళ్లప్పుడు, ఐదేళ్ల తమ్ముడికి ఇంట్లో జుట్టు కత్తిరిస్తుంటే చెయ్యి జారింది. చెవి తమ్మె కత్తెరకి వచ్చేసింది. నెత్తురు చూసి ఆవిడ మంచం కింద దూరి కూర్చుంది. వాడు మాత్రం, ఎవరడిగినా అక్క పేరు చెప్పలేదు.

"ఒకళ్లతో కుక్క పీకిందనేవాడు. ఒకళ్లతో పెద్దపులి అనేవాడు. స్కూల్లో అయితే ఎలుక తినేసిందని చెప్పాడు, వాళ్ల టీచరు నమ్మి మా ఇంటికి బోను పంపించింది." ఆవిడ నవ్వబోయింది. "ఫోటో తీస్తే మాత్రం ఆ వైపు తిరిగేవాడు కాదండీ. నేను చూసి ఏడుస్తానని. ఇదొక్కటే, వాడు చూసుకోకుండా నేను బస్సులో తీసింది. మరుసటి నెలే జ్వరమొచ్చి పోయాడు."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

బాబాయి లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. తప్పు ఎవరిదని అడగలేదు. బోర్డు మీద రాసినదానికి కట్టుబడిపోయాడు.

"పొరపాటు నాదేనమ్మా. చెయ్యి మునుపట్లా లేదు. కూర్చో, ఇప్పుడే సరిచేస్తాను. నా చేత్తో వేసిస్తాను."

నాలుగేళ్లుగా తెరవని చెక్కపెట్టె మూత తీశాడు. రంగుల ట్యూబులు రాళ్లయిపోయి ఉన్నాయి. ఒకదాన్ని పళ్లతో కొరికి విప్పాడు. కుంచె తీసుకుంటే అది చేతిలో పిచ్చుకలా కొట్టుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఒరేయ్, అసలు ఫోటో పెట్టరా తెర మీద."

"కంప్యూటర్ మొరాయిస్తోంది బాబాయ్" అన్నాను. అప్పటికే బల్ల కింద కాలి బొటనవేలితో ప్లగ్గు పీకేశాను. "అప్‌డేట్ అవుతోంది. గంటో, రెండు గంటలో."

"నల్లగా ఉంది కదరా."

"లోపల్లోపల అవుతోంది."

అక్క గడియారం చూసుకుంది. "పర్లేదు మాస్టారూ, ఈ ట్రిప్పు అవతలి కండక్టరుని ఎక్కమంటాను. నేను ఉంటాను." గుమ్మంలోకి వెళ్లి డ్రైవరుకి చేత్తో సైగ చేసి, వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అంతదాకా ఊరికే ఎందుకు? ఇలా రారా" అన్నాడు బాబాయి. "వెలుతురులో కూర్చో. చెవి మడతలు చూసి చాలా కాలమైంది. నీది చూస్తూ వేసి, ఈ అమ్మ చెప్పినంత మేర కింద తీసేస్తాను."

"నా చెవి బాగోదు బాబాయ్."

"నిన్ను పెళ్లిచూపులకి రమ్మనలేదు. కూర్చో."

కూర్చున్నాను. బాబాయి కళ్లజోడు పెట్టుకున్నాడు. నా చెవిని దగ్గరగా చూశాడు. ఎక్కడ చెరపాలో గుర్తు పెట్టుకోవడానికి, బొమ్మని కిటికీ వైపు పైకెత్తాడు. నాలుగేళ్లలో ఒక ప్రింటు ముఖంలోకి ఆయన చూడటం అదే మొదటిసారి.

మళ్లీ నా చెవి చూశాడు. మళ్లీ బొమ్మ. ఆయన బొటనవేలు కాన్వాసు మీద నెమ్మదిగా పైకి జరిగి ఒకచోట ఆగింది. పులిపిరి మీద.

"ఏమైంది మాస్టారూ?" అంది అక్క.

బాబాయి చెయ్యి నా చెవి మీదకి వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఆ గొళ్లెం ఆయనకి అలవాటే, నాకూ అలవాటే. ఒక్క మెలి పెడితే ఏడుపు నటించి, పారిపోయి, సాయంత్రానికి ఏమీ జరగనట్టు తిరిగి రావచ్చు. ఇన్నేళ్లూ మా ఇద్దరి మధ్య లెక్క అలాగే తేలేది.

ఆయన మెలిపెట్టలేదు. ఊరికే పట్టుకున్నాడు. ఆ వేళ్ల వణుకు నా చెవిలో మోగింది. తర్వాత వదిలేశాడు.

"ఎన్నింట్లో?"

"నలభై రెండు. ఇది నలభై మూడు."

"అన్నిటికీ నా సంతకం ఉంది కదరా" అన్నాడు. తిట్టినట్టు కాదు. తెలియక అడుగుతున్నట్టు.

నేను చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

బాబాయి అక్క వైపు తిరిగాడు. "నేను గీయలేదమ్మా ఇది. నాలుగేళ్లుగా సంతకం తప్ప ఏమీ గీయలేదు. ఇది కంప్యూటర్ బొమ్మ. ఆ చెవి వీడిది."

అక్క నన్ను చూసింది. నా చెవిని చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. బొమ్మని కాగితంలో పెట్టి, ఊడదీసిన టేపుతోనే మళ్లీ అంటించి, బాబాయి వైపు జరిపింది.

"అవన్నీ నాకెందుకు మాస్టారూ. ఎవరు గీస్తే ఏముంది. నా ఫోటో నాకిప్పించండి, చాలు. ఆ ఫోను మొన్న పూర్తిగా పోయింది. లోపలంతా కాలిపోయిందన్నాడు రిపేరతను. మీ దగ్గర ఉంది కదా అని నేను బెంగ పెట్టుకోలేదు."

"ఉంటుందమ్మా" అన్నాడు బాబాయి వెంటనే. గోడ మీది కాగితం చూపించాడు. "ఎన్ని వెధవ పనులు చేసినా ఆ ఒక్కటీ తప్పడు. కాపీ తీశాకే ముట్టుకుంటాడు. ఏరా?"

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. వైరస్ వచ్చిందని చెప్పొచ్చు. కరెంటు పోయినప్పుడు చెరిగిపోయిందని చెప్పొచ్చు. ఎలుక వైరు కొరికేసిందని చెప్పొచ్చు. ఎలుక దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ అబద్ధం అప్పటికే ఒకడు వాడేశాడు. అదీ వాళ్లక్క కోసం.

బయట బస్సు ఆవిడ లేకుండానే కదిలింది.

"అక్కా" అన్నాను. "ప్లగ్గు నేనే పీకాను. పెట్టినా ఏమీ రాదు. మీ తమ్ముడి చెవి మీదే నాది అతికించి, దాని మీదే సేవ్ కొట్టేశాను. కాపీ తియ్యలేదు. ఎప్పుడూ తియ్యలేదు, బాబాయ్. నలభై సెకన్లు పడుతుందని."