పిన్నీసుకు పొడి నేల

కుక్కపిల్లను సోఫా మీద పెంచి, బదిలీ కాగితం రాగానే బాయిలరు కూలీ చేతిలో పెట్టి రైలెక్కిన దొరలారా, తప్పు మీది. పన్నెండు గదులు రైలుడబ్బాల్లా వరుసగా కట్టి, పాయఖానా మాటెత్తితే జొన్నచేను వైపు చేయి చూపించే ఇళ్ల ఓనర్లారా, తప్పు మీది. చీపురెత్తిన మనకూ అందులో వాటా ఉంది. కుక్కకు మాత్రం లేదు. ఇస్నాపూర్‌లో మార్తమ్మ గడప ముందు జరిగింది వింటే మీరే ఒప్పుకుంటారు.

అది డెబ్బై నాలుగో సంవత్సరం. మార్తమ్మ మొగుడు బర్నబా పటాన్‌చెరు రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీలో బాయిలరుకు బొగ్గు వేసేవాడు. దసరా ముందు అక్కడి ఆఫీసరు ఉత్తరాదికి బదిలీ అయిపోతూ, పొట్టి కాళ్లు, పొడుగు నడుము ఉన్న ఒక గోధుమరంగు కుక్కను వాడి చేతుల్లో పెట్టాడు. బంగళాలో దాని పేరు ప్రిన్స్. ఇస్నాపూర్ నోటికి అది రెండు రోజుల్లో పిన్నీసు అయింది. పొట్టకూ నేలకూ బెత్తెడే సందు. ఒంటి మీద బొచ్చు మగవాడి చేతి మీద వెంట్రుకలంత.

పిల్లలిద్దరూ సంగారెడ్డిలో మిషను హాస్టల్లో ఉంటే, మొగుడు షిఫ్టుల్లో ఉంటే, గదిలో మార్తమ్మతో మాట్లాడే ప్రాణి లేదు. పిన్నీసు వచ్చాక ఆమె రొట్టె చేస్తూ దానితో మాట్లాడేది, బియ్యం ఏరుతూ దానితో మాట్లాడేది. అది చెవులు నిక్కబొడుచుకుని వినేది. బర్నబా ఏనాడూ అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు.

దీపావళి దాకా ఏ ఇబ్బందీ లేదు. తలుపు తీయగానే అది వాకిలి దాటి గోడమూలకు పోయి, ఉచ్చ పోసి, దొడ్డికి కూర్చుని, మట్టి తన్ని, తోక ఊపుకుంటూ వచ్చేది. కార్తీకం పోయి ఇగం మొదలైంది. చలి అంటే మామూలు చలి కాదు. చెంబులో నీళ్లు చేతికి తగిలితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తెల్లారేసరికి వాకిలంతా మంచుకు తడిసి ఉండేది. ఆ రోజుల్లోనే పిన్నీసు గడప దాకా వచ్చి, ముక్కు బయట పెట్టి, ఒక కాలెత్తి, ఆలోచించి, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. తిరిగి ఊరుకుంటుందా? బియ్యపు కుండ వెనక పని కానిచ్చేది.

బర్నబాకు తెలిసిన వైద్యం ఒకటే. దాని మెడ పట్టుకుని ముక్కు అందులో రాశాడు. ఫలితం ఏమిటంటే, అప్పటిదాకా కుండ వెనక పోసేది ఇప్పుడు ట్రంకుపెట్టె వెనక, మరింత చీకట్లో పోయడం నేర్చుకుంది. కొడితే కుక్క శుభ్రం నేర్చుకోదు, దాక్కోవడం నేర్చుకుంటుంది. మనిషి పిల్లలూ అంతే.

ఇంతలో ధనుర్మాసం వచ్చింది. పక్కగది బుల్లెమ్మది భీమవరం దగ్గర పల్లె. మొగుడు సూర్యారావు లేత్ మిషను మీద పనివాడు. ఆమె ఫ్యాక్టరీ కూత కంటే ముందే లేచి, బావిలోంచి ఆరు చేదలు తోడి, వాకిలంతా కళ్లాపి చల్లేది. మన వైపు సాన్పు అంటామే, అదే. ముగ్గు పెద్దది కాబట్టి తన గది ముందు చాలక అటు రెండు గదులు, ఇటు రెండు గదుల ముందు కూడా చల్లేది. పల్లపు వాకిలి. నీళ్లు ఎండపొడ తగిలేదాకా అట్లాగే నిలిచేవి.

ఒకరోజు మార్తమ్మ చీపురు పుచ్చుకుని పిన్నీసును బయటికి తరిమింది. అది నాలుగు గంతులు వేసి, ముగ్గులో పెద్ద పద్మం నడుమ ఆగి, అక్కడే కూర్చుంది. పిండి పోసిన చోటే కాస్త పొడిగా ఉంది మరి.

బుల్లెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏంటి వదినగారూ, మీ కుక్కకి ధనుర్మాసమంటే గిట్టదా? బాప్తిస్మం గానీ ఇప్పించారా దానికి?"

"బాప్తిస్మమంటె నెత్తి మీద నీళ్లు చల్లాలె అక్కా. నీళ్లు సూస్తెనే ఉరుకుతది గిది," అంది మార్తమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. మందు చేతిలో పెట్టుకుని రోగం ఏమిటో తెలియక తిరగడమంటే ఇదే. ఆమె నోటితోనే ఆమె చెప్పింది, ఆమె చెవిలోకే పోలేదు.

నవ్వితే నవ్వింది గానీ మార్తమ్మకు తలకొట్టేసినట్టయింది. కిరస్తానీ ఇల్లు, మా పండగ పాడు చేస్తున్నారని వాడకట్టు అనుకుంటుందేమోనని భయం. అందుకని ఆమె ఇంకా ముందే లేవడం మొదలుపెట్టింది. గది కడిగింది, అరుగు కడిగింది, వాసన పోవాలని గోడమూల దాకా పేడనీళ్లు తానే చల్లింది. చర్చిలో ఒకామె, "ఏందే మార్తమ్మా, నువ్వు గూడ సాన్పు చల్లుతున్నవట," అని మూతి తిప్పితే, "పేడకు మతమేందమ్మా, వాసనకు చల్లుతున్న," అని నోరు మూయించింది. కుక్కకు మిగిలిన ఒక్క మూల కూడా అట్లా తడిసింది. ఆమె కడిగినకొద్దీ అది లోపలే పోసింది, అది పోసినకొద్దీ ఆమె కడిగింది.

ఆదివారం నాడు ఓనరు చిన్నరాములు పటేలు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అరుగు మీద గొంగడి పరుచుకుని కూర్చుని, గోడలకు మేకులు ఎవరు కొట్టారో విచారించడం ఆయన అలవాటు. ఆ రోజు గొంగడి పరిచి, చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు అడిగి లేచాడు. తిరిగి వచ్చేసరికి గొంగడి నడుమ పిన్నీసు ఉంది, వెనక కాళ్లు వంచి, కళ్లు సగం మూసి, ఎంతో హాయిగా. వారం రోజుల తర్వాత దానికి వెచ్చటి పొడి చోటు దొరికింది.

పటేలు గొంగడిని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "మా తాత కప్పుకున్న గొంగడి ఇది. బర్నబా, మల్ల ఐతారం నాటికి కుక్కన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె. రెండు నా వాకిట్ల ఉండొద్దు."

ఆయన పోయాక బర్నబా మెల్లగా అన్నాడు. "ఆఫీసర్ల కాలనీ వాచ్‌మన్‌కు ఇచ్చొస్త తియ్. ఇస్నాపూర్‌ల గది దొరుకుడు మాటలా?"

"ఇస్తవు. వాడు గేటు కాడ తాడేసి కడతడు. రెండు రాత్రులు సలిల ఉంటె కట్టె అయితది," అంది మార్తమ్మ. "నా ఒళ్లె పెట్టినవు. ఇగ నాది. ఐతారం దాక నోరు మూసుకో."

నోరైతే మూయించింది. ఉపాయం మాత్రం లేదు. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. బుధవారం పిన్నీసు ట్రంకుపెట్టె వెనక నుంచి దొంగచూపులు చూస్తుంటే, మార్తమ్మ చీపురు చేతిలో పట్టుకుని, కొట్టలేక, గోడకు ఆనుకుని కూలబడింది. ఇంకా మూడు రోజులు.

గురువారం తెల్లవారుజామున బావి దగ్గర దబ్బుమని చప్పుడైంది. బుల్లెమ్మ చేతిలో తాడు తెగి చేద నీళ్లలో పడింది. వాడకట్టుకంతా ఉన్నది ఆ ఒక్క చేదే. సూర్యారావు షిఫ్టు దిగి వచ్చి, ఎవరింట్లోనన్నా పాతాళగరిగె అడిగి తెచ్చి, దాని కొక్కేలతో వెతికి తీసేదాకా చుక్క నీళ్లు లేవు. ఆ పూట సాన్పు లేదు, కడగడం లేదు, రాత్రి మంచు కూడా పడలేదు. బుల్లెమ్మ ముగ్గుడబ్బా ఒళ్లో పెట్టుకుని అరుగు మీద దిగులుగా కూర్చుంది.

మార్తమ్మ తలుపు తీసింది. పిన్నీసు గడప దాకా వచ్చింది. ముక్కు బయట పెట్టింది. ఒక కాలు దించింది, రెండోది దించింది. తర్వాత ఏదో ఆఫీసులో పనున్నట్టు టకటకా వాకిలి దాటి గోడమూలకు పోయి, రెండు పనులూ పూర్తి చేసి, నాలుగుసార్లు మట్టి తన్ని, తిరిగి వచ్చి మార్తమ్మ పాదాల మీద కూర్చుంది.

బుల్లెమ్మ లేచి వచ్చి, వంగి దాని పొట్ట కింద చేయి పెట్టి చూసింది.

"చలి కాదు వదినగారూ," అంది. "చలైతే ఇవాళా ఉంది. తడి. దాని పొట్టకి తగుల్తోంది."

"నేనే జేసిన," అంది మార్తమ్మ. "నా చేతులతోనే దానికి జాగ లేకుంట జేసిన."

"మీరు సగం, నేను సగం లెండి."

పటేలు తల్లి రాజవ్వ అప్పుడే ఎండ కాగడానికి వచ్చింది. వయసులో నలభై మేకలను సాకిన మనిషి. సంగతి విని బోసినోటితో నవ్వింది. "గిది నన్నడిగితె ఇగం వడ్డనాడె చెప్పకపోదునా? మేకపిల్లను తడిల నిలవెట్టు, బిగవట్టుకొని నిలవడతది. కొట్టంలకు తోలంగనే ఇడుస్తది. గందుకే కొట్టంల బూడిద పోస్తం. బూడిద పొయ్యిండ్రి, పైన మంచు వడకుంట ఏదన్న కప్పుండ్రి. కొట్టకుండ్రి."

బూడిదకు కరువా? బర్నబా బతుకంతా బూడిదే. ఆ సాయంత్రమే గోనెసంచి నిండా బాయిలరు బూడిద మోసుకొచ్చాడు, ఇంకా కొద్దిగా వెచ్చగా ఉంది. గోడమూలన నాలుగు ఇటుకలు పేర్చి, పైన పాత డ్రమ్ము మూత వాలుగా పెట్టి, కింద బెత్తెడు మందాన బూడిద పోశాడు. తన వాసన గుర్తు పట్టాలని, పిన్నీసు తడిపిన గోనెపట్టా ముక్కను మార్తమ్మ ఆ అంచున వేసింది. గది నుంచి మూల దాకా మూరెడు వెడల్పు దారి పొడిగా వదలాలి. అక్కడే చిక్కు వచ్చింది. ఆ దారి బుల్లెమ్మ పద్మంలో ఒక రేకు మీదుగా పోతుంది.

బుల్లెమ్మ ముగ్గును అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. "పద్మానికి ఏడు రేకులుంటే ఏమన్నా నేరమా? మా అత్తగారు చూస్తే చంపేస్తుంది గానీ, ఆవిడ భీమవరంలో ఉంది," అని రేకు మానేసింది.

శుక్రవారం పొద్దున మార్తమ్మ పిన్నీసు కళ్లు తెరిచిన క్షణంలోనే దాన్ని కొంగులో చుట్టుకుని తీసుకుపోయి బూడిద మీద దింపింది. తిట్టలేదు, తొందరపెట్టలేదు, గాలి వచ్చే వైపు వీపు పెట్టి నిలబడింది. అది వాసన చూసింది. చుట్టూ మూడుసార్లు తిరిగింది. కూర్చుంది. లేవగానే ఆమె వేయించిన పల్లికాయ గింజ ఒకటి నోట్లో పెట్టింది. తిండి తిన్నాక మళ్లీ తీసుకుపోయింది, నిద్ర లేచినప్పుడల్లా తీసుకుపోయింది. శనివారం మధ్యాహ్నం మార్తమ్మ చేతిలో పిండి ఉండగా అది తలుపు దగ్గర నిలబడి కుయ్యిమంది. తలుపు తీస్తే తానే పొడి దారి వెంట పోయి తానే వచ్చి, గింజ కోసం నోరు తెరిచింది. మార్తమ్మ పిండిచేతులతోనే దాన్ని ఎత్తుకుంది. ట్రంకుపెట్టె వెనక ఆ రోజు పొడిగా ఉంది. పాత బూడిదను రాజవ్వ తన చిక్కుడు పాదుకు ఎత్తుకుపోయింది.

ఆదివారం పటేలు వచ్చాడు. ఉతికిన గొంగడి భుజం మీదే ఉంది, దించలేదు. బర్నబా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మార్తమ్మ చేతులు కట్టుకోలేదు. వాడకట్టు మొత్తం అరుగుల మీదికి చేరింది.

"జెర ఆగు పటేలా. ఇప్పుడే గంజన్నం తిన్నది," అంది.

పిన్నీసు మూతి నాక్కుంటూ బయటికి వచ్చింది. పటేలు వైపు చూసింది. గొంగడి వైపు చూసింది. అది దారి వెంట పోయి, డ్రమ్ము మూత కింద దూరి, బూడిదలో పని చేసుకుని, పైన బూడిద తన్ని కప్పి వచ్చింది.

పటేలు చుట్ట నోట్లోంచి తీశాడు. "గింత జానవర్‌కు గిన్ని కథలా?"

"నీకంటె నయ్యం రా," అంది రాజవ్వ. "నువ్వు ఆరేండ్ల దాక పక్కల పోసినవు. నిన్నెవడు వాకిట్లకెల్లి ఎల్లగొట్టలే."

వాడకట్టు అంతా పగలబడి నవ్వింది. పటేలు కూడా నవ్వక తప్పలేదు. గొంగడి అరుగు మీద పరుచుకుని కూర్చున్నాడు. "ఉండనీయుండ్రి," అన్నాడు. బర్నబా నిప్పు తెచ్చి ఇచ్చాడు. బుల్లెమ్మ గ్లాసుడు టీ పంపింది. ఎండ వాకిట్లోకి దిగింది. మార్తమ్మ గడపలో కూర్చుని పిన్నీసును ఒళ్లో వేసుకుంది. దాని పొట్ట వెచ్చగా, పొడిగా ఉంది. వారం తర్వాత ఆమె టీ రుచి తెలిసి తాగింది.

పటేలుకు హుషారు వచ్చింది. "మొత్తానికి కుక్కకు పాయఖానా కట్టిండ్రు పో. పైన రేకు గూడ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అరుగుల మీద ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పన్నెండు గదుల ఆడవాళ్లు అదే చలిలో, చెంబులు పట్టుకుని, మంచుకు తడిసిన జొన్నకొయ్యల్లోకి పోయి వచ్చారు. ఆ చేను చుట్టూ కొత్త ఫ్యాక్టరీవాళ్లు ముళ్లకంచె పాతుతున్నారు. నిన్న ఆ ఫ్యాక్టరీ వాచ్‌మన్ బుల్లెమ్మ మీద టార్చిలైటు వేశాడు.

మార్తమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. పిన్నీసును ఒళ్లోంచి దించలేదు.

"నిజమే పటేలా. నాలుగు ఇటుకలు, ఒక మూత, ఒక సంచి బూడిద. ఒక్క సాయంత్రం పట్టింది. కుక్క బిగవట్టుకుంటె నీ గొంగడి ఖరాబయింది, నీకు కోపమొచ్చింది. మేం గీడికొచ్చినకాడి నుంచి బిగవట్టుకుంటున్నం, నీకేం కాలే, గందుకే నీకు యాది రాలే. గిప్పుడు చెప్తున్న, ఇను. బావికి దూరంగ, ఆ ఎనుక గోడ పొంటి రెండు పాయఖానలు గావాలె. పైన రేకు, తలుపు, తలుపుకు లోపల గొళ్లెం. గుంతలు మా మొగోళ్లు ఇయ్యాల్నే మొదలువెడతరు, అందరికి సెలవే. బర్నబా, గడ్డపార తీస్కరా. నువ్వు చుట్ట తాగుడు అయినంక లేచి ఇటుక భట్టి కాడికి వో పటేలా. రేపు పొద్దున కూత కూసేటాళ్లకు ఇటుక బండి ఈ వాకిట్ల ఉండాలె."