పెనిమిటి పేరు అడిగిన ఫోను

భోగాపురం దగ్గర ఒక పల్లెలో, మధ్యాహ్నం వేళ, సుభద్రమ్మ అరుగు మీద కూర్చుని కాల్చిన జీడిపిక్కలు కొడుతోంది. భర్త సోములు పొరుగువారి సరుగుడు తోటలో పనికి వెళ్తూ ఫోను ఇంట్లో మరిచిపోయాడు. అది మోగింది. ఇందులో వింతేముంది అంటారా? ఈ రోజుల్లో దొంగలు గోడలు దూకడం మానేసి ఇలాగే వస్తున్నారు.

"బ్యాంకు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నామమ్మా. మీ ఏటీఎం కార్డుకు ఆధార్ కలపలేదు. సాయంత్రానికి ఖాతా ఆగిపోతుంది" అన్నాడొక మర్యాదస్తుడు.

విమానాశ్రయానికి భూమి ఇచ్చినందుకు వచ్చిన సొమ్మంతా ఆ ఖాతాలోనే ఉంది. దానితో రామతీర్థం వైపు మళ్లీ ఒక చెక్క భూమి కొనాలని ఆలుమగలిద్దరూ ఊళ్లు తిరుగుతున్నారు. అది పోతే సేద్యం తప్ప మరొకటి తెలియని ఆ ఇంటికి ఇక సెంటు భూమి ఉండదు.

పరుగున కార్డు తెచ్చి, వాడు అడిగిన అంకెలు కార్డు ముందువైపువీ వెనకవైపువీ చదివేసింది. అంకెలు ఆమెకు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు.

"కార్డు ఎవరి పేరున ఉందమ్మా?"

"మా ఇంటాయన పేరున."

"ఆయన పేరు చెప్పండి."

సుభద్రమ్మకు నవ్వొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ పేరు పలకలేదు. ఆ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లెవరూ పెనిమిటి పేరు పలకరు.

"నాను సెప్పకూడదు బావూ. మీ కాడ రాసుంటాది గదా, మీరే సూసి సెప్పండి. ఔనంటాను."

"సిస్టం స్లోగా ఉందమ్మా. పేరు లేకపోతే పని జరగదు."

"కార్డు ఇచ్చినోలు మీరు. ఎవులికిచ్చినారో మీకు తెల్దేటి?"

అనుమానంతో అడగలేదామె. నిజంగానే వింతగా తోచి అడిగింది.

"సరే, పేరుతో పనిలేదు. ఇప్పుడు మీ ఫోనుకొక నంబరు వస్తుంది. అది చదవండి చాలు." మర్యాద కాస్త తగ్గింది.

నంబరు వచ్చింది. సుభద్రమ్మ చదవబోయి ఆగింది. ఇందాక పేరు లేకపోతే కుదరదన్న మనిషి ఇప్పుడు అక్కర్లేదంటాడేమిటి?

"ఈ నంబరు ఎవులు పంపినారు?"

"మేమే."

"మీరే పంపితే మీకు తెల్సుండాల గదా. మల్లీ నన్నెందుకడుగుతన్నారు?"

జవాబుగా వాడు బూతులు తిట్టాడు. బ్యాంకువాళ్లు విసుక్కోవడం ఆమె చూసింది గానీ ఈ భాష ఎన్నడూ వినలేదు. ఫోను కట్టేసి తోటకు పరుగెత్తింది.

భార్యాభర్తలు బ్యాంకుకు చేరగానే మేనేజరు ఈశ్వరి కార్డు ఆపించింది. సొమ్ము ఎక్కడిదక్కడే ఉంది.

"నా పేరు పలకకపోబట్టి బతికిపోనాం" అని సోములు పొంగిపోయాడు.

"అలా అనుకోకండి" అంది ఈశ్వరి. "రేపు ఇంకొకడు మీ పేరు, ఊరు కనుక్కుని మరీ ఫోన్ చేస్తాడు. ఖాతా ఆగిపోతుందని భయపెడతాడు, లాటరీ తగిలిందని ఆశపెడతాడు, మెసేజ్‌లో లింకు పంపి నొక్కమంటాడు. బ్యాంకు ఏనాడూ మీ కార్డు అంకెలు గానీ, ఫోనుకొచ్చే నంబరు గానీ అడగదు. అలాంటివాడు ఫోన్ చేస్తే ఏం చేస్తారమ్మా?"

అప్పుడు సుభద్రమ్మ అంది, "ఆడు మా అత్త పేరు, తాత పేరు సెప్పినా సరే, ఏటీ సెప్పను. ఫోను కట్టేసి, మీరే సేసినారేటని మీ కాడికొచ్చి అడుగుతాను."

చదువరులారా, ఆచారం ఆమెకు ఆలోచించుకునే సందు మాత్రమే ఇచ్చింది. ఆస్తిని కాపాడింది ఆమె అడిగిన ప్రశ్న. అవతలివాడు ఎంత తొందరపెట్టినా ఆ నంబరు ఎవరికీ చెప్పకండి. నిజంగా పంపినవాడికి అది ముందే తెలుసు.