మాజీ ప్రెసిడెంటు గారి ఇరవై మూడు ఓట్లు

పాత నూలు సంచిని బోర్లించి దులపగానే అందులోంచి ఓట్లు బయటపడ్డాయి.

గులాబీ రంగు చీటీలు. దొంతరగా పేర్చి, నూలుపోగు చుట్టి కట్టిన చిన్న కట్ట. బడి పిల్లల చేతిపనులకి పాత నూలు అడగడానికొచ్చిన శేషాచలం మాస్టారు కళ్ళజోడు సవరించుకుని పై చీటీ కొస తిప్పి చూశారు. వెనక నీలం సిరాతో సంతకం ఉంది. ఆ సంతకం ఆయనదే. కింద తేదీ 1957 ఆగస్టు. అంటే తొమ్మిదేళ్ళు.

"ఏందండీ మేస్టారూ, రసీదులా?" అన్నాడు బుడాన్. నూలుపేట చేనేత సంఘం పుట్టిన దగ్గర్నుంచీ ఈ గోదాములో సంచులు మోస్తున్న మనిషి. అక్షరం ముక్క రాదు.

"ఆ, పాత కాగితాలు," అన్నారు మాస్టారు. కట్టని చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకునే బయటికొచ్చారు. బడి వరండాలో కూర్చుని లెక్కపెట్టారు. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టారు. ఇరవై మూడే.

ఆ అంకె ఆయనకి కొత్త కాదు. ఆనాడు ఎన్నికల అధికారిగా ఆయన చేత్తోనే రాశారు: "ఇరవై మూడు చీటీలు పెట్టెల్లో పడలేదు. ఓటర్లు ఇళ్ళకి పట్టుకుపోయి ఉండవచ్చును."

అలా రాయడం అప్పట్లో పెద్ద తప్పుగా తోచలేదు. అబ్బ, ఏం రోజులవి! చీరాలకి మూడు మైళ్ళ దూరంలో నూటపాతిక గడపల పేట. ఆ రోజు ఒక్క మగ్గం ఆడలేదు. తెల్లారితే టకటకలతో నిద్రలేచే పేటలో ఆ నిశ్శబ్దం పండగలా ఉంది. సంఘం ప్రెసిడెంటు పదవికి ఇద్దరు పోటీ. ఎనిమిదేళ్ళుగా ప్రెసిడెంటుగా ఉన్న కోటిలింగం పెట్టె మీద రాట్నం బొమ్మ, కుర్రవాడు పానకాలు పెట్టె మీద దీపం బొమ్మ. గోదాములోనే మగవాళ్ళకో తెర, ఆడవాళ్ళకో తెర కట్టారు. తెర వెనక్కి వెళ్ళి నచ్చినవాడి పెట్టెలో చీటీ వెయ్యాలి. ఆలుమగలిద్దరూ సభ్యులే కనక ఇద్దరికీ ఓటుంది. ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని వచ్చారు. పెట్టెలకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు. ఒక ముసలాయన రాట్నం పెట్టె ముందు కొబ్బరికాయ కొడతానని పట్టుబడితే నలుగురు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అంతకుముందు పెద్ద ఎన్నికల్లో చీటీని ఇంటికి పట్టుకుపోయి దేవుడి పటం వెనక దాచుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. అందుకే ఇరవై మూడు తక్కువైతే మాస్టారు నవ్వుకున్నారు.

కోటిలింగానికి ఎనభై తొమ్మిది. పానకాలుకి నూరు. పదకొండు ఓట్ల తేడా.

"ఇది ఎన్నిక కాదు, దొంగతనం!" అని కోటిలింగం ఆ సాయంత్రం సంఘం గుమ్మంలో నిలబడి అరిచాడు. "నాకు వేశామని చెప్పినవాళ్ళే నూట పది మంది! నా ఓట్లేమైనయ్యి?"

ఎవరూ వినలేదు. గెలిచినప్పుడు ఎన్నిక మంచిది, ఓడినప్పుడు చెడ్డదా అని ఎగతాళి చేశారు. ఆయన ఆ మర్నాటి నుంచి సంఘం గడప తొక్కలేదు. రాజధాని మద్రాసులో ఉంటే మద్రాసు, కర్నూలుకి మారితే కర్నూలు, హైదరాబాదుకి మారితే హైదరాబాదు వెళ్ళి, ఆఫీసుల మెట్ల మీద పడుకుని నూలు కోటా తెచ్చిన మనిషి. పేటలో పిల్లా జెల్లా ఆయన పేరు మరిచిపోయి 'మాజీ' అనడం మొదలుపెట్టారు. పానకాలైతే ఆ తొమ్మిదేళ్ళూ మాజీని ఆసరా చేసుకునే బతికాడు. రంగు వెలిస్తే మాజీ కొన్న రంగు. వానకి గోదాము కురిస్తే మాజీ కప్పించిన పెంకులు. నూలు ఆలస్యమైతే మాజీ హైదరాబాదుకి ఆకాశరామన్న ఉత్తరం రాశాడట. మూడేళ్ళకోసారి ఎన్నిక పెట్టినా పోటీకి నిలబడ్డవాడు లేడు.

ఈ ఆదివారం సమావేశానికి పానకాలు ఒక తీర్మానం తెస్తున్నాడు. సంఘం గుమ్మం పక్కనున్న శంకుస్థాపన రాయి మీద కోటిలింగం పేరు కొట్టేయించాలని. సంఘాన్ని దొంగల సంఘమన్నవాడి పేరు మనకెందుకని.

మాస్టారు లేచారు. మధ్యాహ్నపు బడికి సెలవిచ్చేసి తిన్నగా కోటిలింగం ఇంటికి నడిచారు.

వసారాలో కోటిలింగం భార్య నాంచారమ్మ మగ్గం ముందు బాసీపట్టు వేసుకుని కూర్చునుంది. అయిపోయిన పడుగు కొసలకి కొత్త పడుగు పోగుల్ని అతుకుతోంది. ముడి వేస్తే మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో తట్టుకుని తెగుతుంది కనక రెండు కొసల్నీ వేళ్ళ మధ్య పెట్టి పురి తిప్పాలి. వెయ్యి పోగులు, వెయ్యి పురులు. ఆమె వేళ్ళకేసి ఆమె చూడటం లేదు. వేళ్ళ పని వేళ్ళు చేసుకుపోతున్నాయి.

"రండి మేస్టారూ. మజ్జిగ తాగుతారా?"

"తర్వాతమ్మా. ఆయనేడీ?"

కోటిలింగం లోపల నులకమంచం మీద ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. కళ్ళలో మాత్రం ఆ పాత జంకు లేనితనం అలాగే ఉంది.

"ఏంది మేస్టారూ, దారి తప్పొచ్చారా? మాజీ ఇంటికొస్తే పానకాలు మీ ఉద్యోగం తీయించగలడు."

మాస్టారు కట్ట తీసి ఆయన చేతిలో పెట్టారు. "తొమ్మిదేళ్ళుగా నువ్వన్నది నిజం కోటిలింగం. నీ ఓట్లివిగో. గోదాములో, పాత ముతక నూలు సంచిలో ఉన్నయ్యి. ఎనభై తొమ్మిదీ ఇరవై మూడూ నూట పన్నెండు. నీకు వేశామన్న నూట పది మందికీ లెక్క సరిపోయింది. నువ్వే గెలిచావు. తప్పు నాది. ఆ రోజు ఇంటింటికీ వెళ్ళి చీటీలు అడగాల్సింది. నవ్వి ఊరుకున్నాను."

కోటిలింగం మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. మొహంలోకి రక్తం పొంగింది. "చెప్పలా? నేను చెప్పలా మేస్టారూ! రేపు ఆదివారం ఆ పానకాలు గాడి నోట మాటొస్తదేమో చూద్దాం! వాడే, ఇంకెవడు, వాడే..."

అంటూనే కట్ట విప్పబోయాడు. పోగు మీద ముడి కోసం వెతికాడు. ముడి లేదు. బొటనవేలు పోగు వెంట జారి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

చాలాసేపు ఆ పోగునే తడుముతూ కూర్చున్నాడు. ఒకసారి వసారా వైపు చూశాడు.

"పొయ్యిలో పడెయ్యండి," అన్నాడు చివరికి.

"ఏమిటీ?"

"పాత గోల. నాకు అక్కర్లా."

"అక్కర్లేదా! తొమ్మిదేళ్ళు నిన్ను నోటికొచ్చినట్టు అన్నారయ్యా. ఆదివారం రాయి మీద నీ పేరు కొట్టేస్తున్నారు!"

"కొట్టెయ్యనీండి. రాయే కదా." కోటిలింగం కట్టని మాస్టారి చేతిలో పెట్టి గోడకి తిరిగి పడుకున్నాడు. "మీకు దణ్ణం పెడతా. వెళ్ళండి."

మాస్టారికి ఏమీ అర్థం కాలేదు. వసారాలోకి వచ్చినా నాంచారమ్మ తల ఎత్తలేదు. ఆమె వేళ్ళు మాత్రం ఆగి ఉన్నాయి.

ఆయన నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. కోటిలింగం వద్దన్నాడు, సరే. కానీ ఆ చీటీల మీద ఉన్నది కోటిలింగం సంతకం కాదే! తన సంతకం. తప్పుడు ఫలితం చదివింది తను. వచ్చే మార్చిలో రిటైరవుతారు. ఇన్నేళ్ళు పిల్లలకి తప్పు దిద్దుకోమని చెప్పి, తన తప్పు జేబులో పెట్టుకుని ఇంటికి పోవడమా?

ఆదివారం పది గంటలకి గోదాము కిటకిటలాడిపోయింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. కోటిలింగం వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నాంచారమ్మ ఆడవాళ్ళలో కలిసింది.

పానకాలు గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు బొజ్జ వచ్చింది, పైపంచె వచ్చింది. "అయ్యలారా, అమ్మలారా! ఈ గోదాము ఎందుకు కురుస్తందంటే..."

"మాజీ కప్పించాడు గనక!" అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు. ఘొల్లుమన్నారు.

"నవ్వులు కాదు. ఎన్నికలో ఓడిపోయి, సంఘం మొహాన బురద చల్లిన మనిషి పేరు ఇంకా మన గుమ్మంలో ఉండాలా అంట?"

మాస్టారు లేచి నిలబడ్డారు. గులాబీ కట్టని బల్ల మీద పెట్టారు.

"ఆ ఎన్నిక నేనే జరిపించాను. నేను చదివిన ఫలితం తప్పు. పడాల్సిన ఓట్లు ఇరవై మూడు ఈ గోదాములోనే ఎవరో దాచారు. మొన్న దొరికాయి. బుడాన్ సాక్షి. గెలిచింది పానకాలు కాదు, కోటిలింగం."

గోదాము కప్పు లేచిపోయింది.

"ఓరి నీ దుంప తెగ!" చెంచమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. డెబ్భై ఏళ్ళ ముసలిది, పేట మొత్తానికి నోరున్న మనిషి. "నేను అప్పుడే చెప్పలా, నా ఓటు కోటిలింగానికి వేశానని? అబద్ధమన్నారే! ఏరా పానకాలూ, మా ఓట్లు మింగి తొమ్మిదేళ్ళు కుర్చీలో కూచున్నావంట్రా?"

"దిగరా కిందకి!"

"వాడి పైపంచె లాగండ్రా!"

పానకాలు మొహం తెల్లగా పాలిపోయింది. "అమ్మ తోడు! నా పిల్లల తోడు, నాకేం తెలవదు! ఆడోళ్ళ తెర వెనక్కి నేనెట్టా పోతానే చెంచమ్మత్తా? నేను ఆ రోజు ఆ తెర ఛాయలకే రాలేదు!"

ఎవరు వింటారు? తొమ్మిదేళ్ళ కిందట కోటిలింగం మాట ఎలా వినలేదో, ఇప్పుడు పానకాలు మాట అలాగే వినలేదు. ఎవరో పైపంచె లాగనే లాగారు. మరొకడు చెప్పు తీశాడు.

"ఆగండ్రా!"

కోటిలింగం లేచాడు. సంఘం పెట్టిన కొత్తలో చీరాల స్టేషన్లో నూలు బేళ్ళు దింపించేటప్పుడు వినిపించిన గొంతు అది. అందరూ ఆగిపోయారు.

"పానకాలుని వదలండి. వాడు తియ్యలేదు."

"మరెవరు తీశారు బాబాయ్?" అన్నాడు పానకాలు ఏడుపు గొంతుతో. ఆ పిలుపు పానకాలు నోట తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది.

"నేనే తీశా."

అందరూ విరగబడి నవ్వారు. "నీ ఓట్లు నువ్వే దాచుకుని ఓడిపోయావా మాజీ గారూ?" "మతి పోయిందిరోయ్!"

మాస్టారు నవ్వలేదు. బల్ల మీది కట్ట చేతిలోకి తీసుకున్నారు. పోగు వెంట బొటనవేలు జరిపారు. రెండు కొసలు కలిసిన చోట చిన్న ఉబ్బు. ముడి కాదు, పురి. ఒక్కసారిగా వసారా, మగ్గం, ఆగిపోయిన వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. నలభై ఏళ్ళు ఆ చేతి పురి మీదే బట్ట నేసినవాడికి అది తెలియడానికి వెలుతురు కూడా అక్కర్లేదు. మాస్టారు తల ఎత్తేసరికి ఆడవాళ్ళ మధ్యలో నాంచారమ్మ నిలబడి ఉంది.

"కూచోవే," అన్నాడు కోటిలింగం. ఆజ్ఞలా లేదు, బతిమాలినట్టుంది.

ఆమె కూర్చోలేదు. మొగుడి వైపు చూడలేదు. మాస్టారి వైపే చూస్తూ చెప్పింది.

"నేను తీశాను మేస్టారూ. ఈయనకేం తెలవదు. ఆ రోజు ఆడోళ్ళ పెట్టెల కాడ నన్ను కూచోబెట్టింది మీరే, వాళ్ళకి తెర చూపించమని. తెరంటే వాళ్ళకి భయం, పెట్టె తారుమారవుతుందని భయం. ప్రెసిడెంటు పెళ్ళాన్నే ఎదురుగా ఉన్నాను గదా, ఇంకెవర్ని నమ్ముతారు? మీకు తెలిస్తే కోప్పడతారని చప్పుడు కాకుండా చీటీలు నా చేతిలో పెట్టి పోయారు. మొదట్లో వేద్దామనే అనుకున్నా. వెయ్యలేకపోయా. ఎనిమిదేళ్ళు ఈయన ఇంటి పట్టున లేడు మేస్టారూ. పేటంతా మగ్గాలు ఆడతంటే మా మగ్గం గుంటలో కప్పలు చేరినయ్యి. నేను కూచుని పడుగు అతికి పెడతా, నేసేవాడు హైదరాబాదులో ఉంటాడు. నా పెద్దకొడుకు జరంతో పోయిన రోజు ఈయన కర్నూల్లో నూలు కోసం ఎవరి గుమ్మంలోనో నిలబడున్నాడు. పేటకి నూలొచ్చింది. అందరూ దండలేశారు. నేనూ చప్పట్లు కొట్టా. ఓడిపోతే ఇంటికొస్తాడు గదా అనుకున్నా, అంతే. పక్కనున్న నూలు చిలపలోంచి పోగులు తెంపి, అలవాటు కొద్దీ పురి తిప్పి కట్ట కట్టి ఆ సంచిలో తోశా. మర్నాడు తీసుకుపోదామంటే, మర్నాడే ఈయన ఈ గడప తొక్కనని ఒట్టేశాడు, నన్నూ తొక్కనివ్వలా. ఇంటికైతే వచ్చాడు. మగ్గమూ ఎక్కాడు. కానీ వేరే మాటా పలుకూ పోయినయ్యి. దొంగతనం జరిగిందే అని రోజూ నాతోనే అనేవాడు. నేను పురి తిప్పుకుంటా ఊఁ కొట్టేదాన్ని. పానకాలుని ఏమీ అనబాకండి. ఆ ఇరవై మూడు మందీ ఎవరెవరో నాకు పేరు పేరునా తెలుసు, పంపు కాడ రోజూ కనపడతానే ఉంటారు. మొదటి చీటీ ఇదుగో, ఈ చెంచమ్మొదినది. చేతిలో పెట్టి, 'మీ ఆయన పెట్టెలో నీ చేత్తోనే వెయ్యవే, కలిసొస్తది' అంది. అట్టాగే వొదినా అన్నాను."